ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు: సభ్యులు ఏమంటున్నారు, సంఘం ఏమి చేయగలదు

(సభ్య విద్యా పాఠం)

ఈ పాఠాన్ని సంఘ కార్యదర్శులు నెలవారీ సమావేశంలో సభ్యులకు చదివి వినిపించవలెనని కోరుతున్నాము. చదవడానికి అరగంట, చర్చకు ఒక గంట సరిపోతుంది. చివర ఇచ్చిన ప్రశ్నలకు సభ్యులు చెప్పే జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాసి ఉంచవలెను.

విషయం ఏమిటి?

ప్లాస్టిక్కు వలన మన వృత్తికి కలిగిన మేలు తక్కువది కాదు. నీళ్ళ పైపులు, డ్రమ్ములు, గడ్డివాముల మీద కప్పే పట్టాలు, దాణా బస్తాలు మనకు ఎంతో ఉపయోగపడుతున్నవి. ఇవి ఏళ్ళ తరబడి వాడుకునే వస్తువులు. వీటిని మానమని ఎవరూ చెప్పడం లేదు.

ఇక్కడ మనం మాట్లాడుకునేది ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్కును గురించి. టీ త్రాగి విసరివేసే కప్పు, కూరలు వేసి ఇచ్చే పల్చని కవరు, పెళ్ళి భోజనాల దగ్గర ప్లేటు, గ్లాసు, చెంచా ఈ కోవలోకి వస్తాయి. అయిదు నిమిషాలు చేతిలో ఉండే వస్తువు భూమి మీద మాత్రం మన మనుమల కాలం దాకా ఉంటుంది. ఎండకు, వానకు చిన్న చిన్న ముక్కలవుతుందే గాని ఆకులాగా, గోనెలాగా మట్టిలో కలిసిపోదు.

పల్లెలో ఈ చెత్త చివరకు చేరేది రెండు చోట్లకు. ఒకటి పెంటకుప్ప. అక్కడినుంచి ఎరువుతో పాటు పొలానికి, పొలంనుంచి గడ్డిమోపుతో తిరిగి కొట్టానికి వస్తుంది. రెండవది పశువు కడుపు. ఈ రెండూ పాడి రైతు సొత్తే. కాబట్టి ఈ విషయం పట్నంలో మున్సిపాలిటీ వారు చూసుకునే పని అని వదిలివేయడానికి మనకు వీలులేదు.

చట్టం ఏమి చెబుతున్నది?

కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో ప్లాస్టిక్కు వ్యర్థాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. అంతకు ముందు పట్టణాలకే పరిమితమైన ఈ వ్యవహారంలో గ్రామ పంచాయతీలకు కూడా బాధ్యత పెట్టినది ఈ నిబంధనలే. 2021 ఆగస్టు 12న వీటిని సవరించారు. ఆ సవరణ ప్రకారం 2022 జూలై 1 నుంచి కొన్ని వస్తువుల తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం దేశమంతటా నిషేధింపబడినవి. వాటిలో మనకు తెలిసినవి ఇవి: ప్లాస్టిక్కు ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, మిఠాయి పెట్టెలు, శుభలేఖలు, సిగరెట్ పెట్టెల చుట్టూ చుట్టే పల్చని పొర, బెలూన్లకు, పిల్లల మిఠాయిలకు, ఐస్‌క్రీములకు గుచ్చే ప్లాస్టిక్కు పుల్లలు, ప్లాస్టిక్కు జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల లోపు మందం గల బ్యానర్లు.

సామాన్లు తెచ్చుకునే క్యారీ బ్యాగుల విషయంలో మందాన్ని బట్టి నియమం పెట్టారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువగా ఉండకూడదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కంటితో చూసి ఇన్ని మైక్రాన్లని చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే తయారుచేసినవారి పేరు, మందం బ్యాగు మీద ముద్రించి ఉండవలెనని నిబంధన ఉన్నది. ఆ ముద్ర లేని పల్చని కవరు చేతికి ఇచ్చినప్పుడు అది నిబంధన పాటించని సరుకని తెలుసుకొనవచ్చును.

పాల కవరు నిషేధంలోకి రాదా అని చాలామంది అడుగుతున్నారు. రాదు. సరుకును ముందే నింపి, సీలు వేసి అమ్మే కవరు నిబంధనల లెక్కలో క్యారీ బ్యాగు కాదు. అయితే దానిని వాడే డెయిరీకి వేరొక బాధ్యత ఉన్నది. ఆ సంగతి ముందు చెబుతాము.

పశువు కడుపులో ఏమి జరుగుతుంది?

వెనుకటి రోజులలో ప్రతి ఇంటా కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అందులో పడేవి. పశువు తృప్తిగా త్రాగేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో అదే అన్నం, అవే తొక్కలు ఒక కవరులో వేసి, మూతి ముడివేసి వీధి చివర పారవేస్తున్నారు. వెళ్ళేది మాత్రం అదే పశువు దగ్గరకు. దానికి ముడి విప్పే చేతులు లేవు. ఉప్పు రుచి, అన్నం వాసన తగలగానే కవరుతో సహా మింగుతుంది.

ఆవు, గేదె మేతను మొదట సరిగా నమలకుండానే మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తాయి. పై వరుసలో ముందు పళ్ళు లేనందున నాలుకతో చుట్టి లాగుకుంటాయి. ఏరి తినడం వాటికి చేతకాదు. మింగినది ముందు పెద్ద పొట్టలోకి చేరుతుంది. పెద్ద ఆవులో ఈ పొట్ట నూరు లీటర్ల పైచిలుకు పడుతుంది. అక్కడ ఉండే సూక్ష్మజీవులు గడ్డిని, ఎండుచొప్పను కూడా కరిగించగలవు గాని ప్లాస్టిక్కును కరిగించలేవు. ఒక కవరుకు ఇంకొకటి, దానికి ఒక తాడు, దానికి ఒక గుడ్డపీలిక చుట్టుకొని ముద్ద అవుతుంది. ఆ ముద్ద నెమరుకు తిరిగి రాదు, పేడతో బయటికి పోదు. పొట్టలో చోటు ఆక్రమించి, మేత ముందుకు పోయే దారిని మూసివేస్తుంది.

దీని లక్షణాలు ఒక్కరోజున కనబడవు. మేత తగ్గుతుంది. నెమరు తగ్గుతుంది. మధ్య మధ్య కడుపుబ్బరం వచ్చి పోతుంటుంది. పేడ కొంచెంగా వేస్తుంది. పాలు తగ్గుతాయి. రైతు దాణా మారుస్తాడు, నాటు మందు పోస్తాడు, దిష్టి తీస్తాడు. పశువు చిక్కిపోయిన తరువాత డాక్టరు దగ్గరకు తోలుకొని పోతాడు. అప్పటికి ఎడమ డొక్క కోసి పొట్టలోనిది చేతితో తీసే శస్త్రచికిత్స తప్ప మార్గం ఉండదు. అన్ని ఊళ్ళలో ఆ సౌకర్యం లేదు. చేసిన తరువాత కూడా పశువు కోలుకోవడానికి రోజులు పడుతుంది. కవరులో మేకు, తీగముక్క వంటివి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. అవి రెండవ పొట్టలో దిగి, దాని ముందుభాగంలోనే ఉన్న గుండెదాకా గుచ్చుకొనగలవు.

ఈ బాధను దేశం దృష్టికి తెచ్చినది మన తెలుగు గడ్డ నుంచే. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వీధి పశువులకు శస్త్రచికిత్సలు చేయించి, వాటి కడుపులలోనుంచి పదుల కిలోల ప్లాస్టిక్కు తీయించింది. 2012లో ఆ సంస్థ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. ప్లాస్టిక్కు కవర్లను, బహిరంగంగా చెత్త వేయడాన్ని అరికట్టాలన్నది వారి కోరిక.

సభ్యులు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. మేతలో భాస్వరం వంటి ఖనిజాలు చాలని పశువు మట్టి, ఎముకలు, గుడ్డలు, కాగితాలు కూడా నాకుతుంది, నములుతుంది. పశువుకు అటువంటి అలవాటు కనబడితే డాక్టరు సలహాతో ఖనిజ లవణ మిశ్రమం పెట్టవలెను. ఊరు శుభ్రం కావడానికి కొంతకాలం పట్టవచ్చును గాని ఈ పని నేడే చేయవచ్చును.

సభ్యులు ఏమంటున్నారు?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు ఈ విషయమై సభ్యుల అభిప్రాయాలు అడుగుతున్నాము. ప్లాస్టిక్కు మంచిదని వాదించేవారు ఎవరూ లేరు. మానడం ఎట్లా అన్న దగ్గరే తేడాలు వస్తున్నవి. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లుగా ఇక్కడ పెడుతున్నాము. ప్రతి దానిలోను ఆలోచించవలసినది ఉన్నది.

1. "ముందు ఫ్యాక్టరీలు మూయించండి. తయారు కాకపోతే మేమెందుకు కొంటాం?" ఇది న్యాయమైన మాట. తయారీదారులకు, సరుకు అమ్మే కంపెనీలకు బాధ్యత ఉండవలసినదే. 2022 ఫిబ్రవరి 16న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తాము బజారులో పెట్టిన ప్యాకింగు ప్లాస్టిక్కుకు సమానమైన పరిమాణాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే పూచీ ఆయా కంపెనీలది. ఆ లక్ష్యం 2021–22లో 25 శాతంతో మొదలై 2023–24 నాటికి నూరు శాతానికి చేరింది. అయితే పై నుంచి అమలు జరిగేదాకా వీధిలో ఉన్న ఆవు ఆగదు. పై వారి పని వారిచేత చేయించవలెను, మన పని మనం చేసుకొనవలెను.

2. "మనమే కవర్లలో పాలు అమ్ముతున్నాం. ఇతరులకు చెప్పడానికి మనకు నోరెక్కడిది?" ఈ మాట అన్నవారిని మేము మెచ్చుకుంటున్నాము. దీనిని దాటవేయకూడదు. ఒకప్పుడు పట్టణాలలో పాలు గాజు సీసాలలో, అల్యూమినియం రేకు మూతలతో వచ్చేవి. సీసాలు బరువు, పగిలేవి. తిరిగి తెచ్చి వేడినీళ్ళతో, క్షార ద్రావణంతో కడగవలసి వచ్చేది. పాలిథిన్ కవరు తేలిక, చవుక. సీలు ఉన్నందున మధ్యలో నీళ్ళు కలపడం కష్టం. అందువలన అది నిలిచింది. ఇప్పటికిప్పుడు దానిని తీసివేస్తే మన పాలు పట్నం వాకిలి చేరవు. కాని పాల కవరు ఒకే రకం పాలిథిన్‌తో చేసినది. కడిగి ఆరబెడితే పాత సామాన్లు కొనేవారు తీసుకుంటారు, కరిగించి వేరే వస్తువులు చేస్తారు. అంటే ఇది తిరిగి రాబట్టగల ప్లాస్టిక్కు. రాబట్టే ఏర్పాటు లేకపోవడమే లోపం.

3. "గిన్నెలు, గ్లాసులు ఎవరు తోముతారండీ?" ఈ ప్రశ్న వేసేది స్త్రీ సభ్యులు. ప్లేట్లు మానుదాం, స్టీలు తెద్దాం అని తీర్మానాలు చేసేది ఎక్కువగా మగవారు. తోమే పని మాత్రం ఆడవారి మీద పడుతున్నది. పాలు పితకడం, పేడ తీయడం, వంట చేయడం చాలక ఇంకొక చాకిరీ ఎవరు ఒప్పుకుంటారు? తోమే పనికి మనిషిని పెట్టి కూలి ఇవ్వడమో, త్రాగిన వారే తమ గ్లాసు కడిగి బోర్లించే నియమమో లేకుండా ఈ తీర్మానం చేయకూడదు.

4. "వేసవిలో త్రాగడానికే నీళ్ళు లేవు. గాజు గ్లాసులు ఎట్లా కడగను?" ఇది టీ దుకాణదారుల మాట. వారిలో మన సభ్యులూ ఉన్నారు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో ఇది నిజమైన ఇబ్బంది. కాగితపు కప్పు వాడితే సరిపోతుందని కొందరనుకుంటారు. కాని కాగితపు కప్పు లోపల టీ కారకుండా పల్చని ప్లాస్టిక్కు పూత ఉంటుంది. మట్టి కప్పు దొరికేచోట మంచిదే. లేనిచోట గ్లాసులను ఒక తొట్టిలో కడిగి, రెండవ తొట్టిలో మరుగుతున్న నీళ్ళలో ముంచి తీసే పద్ధతికి తక్కువ నీరు పడుతుంది.

5. "పేదవాడు పని నుంచి వస్తూ బజారులో కాసిని కూరలు కొంటాడు. సంచి చంకన పెట్టుకొని తిరుగుతాడా?" కూలికి వెళ్ళేవారు, తోపుడుబండి వారు ఈ మాట అంటున్నారు. వారిమీద జరిమానాలు వేయడం వలన కవరు పోదు, కోపం మాత్రం వస్తుంది. పాత చీరలతో, పంచెలతో కుట్టిన చేతిసంచిని మడిచి జేబులో పెట్టుకొనవచ్చును. పొదుపు సంఘాల స్త్రీలచేత కుట్టించి, సభ్యులకు పాల బిల్లులో కొద్దికొద్దిగా మినహాయించే పద్ధతిన ఇవ్వవచ్చును.

6. "మా సంఘం మానితే ఊరు మానుతుందా?" ఒక్కరోజులో మానదు. కాని ఊళ్ళో రోజుకు రెండుసార్లు, ఏడాది పొడుగునా జనం వచ్చిపోయే చోటు పాల సేకరణ కేంద్రం. అక్కడ జరిగేది అందరి కంటబడుతుంది. బడి, గుడి, పంచాయతీ కంటె ఈ విషయంలో మనకు వీలు ఎక్కువ.

ఇతర చోట్ల అనుభవం

సిక్కిం రాష్ట్రం 1998లోనే ప్లాస్టిక్కు సంచులను నిషేధించింది. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి పద్నాలుగు రకాల వస్తువులను ఆపింది. ప్లాస్టిక్కు పూత గల కాగితపు కప్పులను కూడా ఆ జాబితాలో చేర్చి, పాలు, పెరుగు, నూనె, మందుల ప్యాకింగును మాత్రం మినహాయించింది. తరువాత 2021 డిసెంబరులో పసుపు గుడ్డసంచిని మళ్ళీ అలవాటు చేయడానికి ఒక ఉద్యమం మొదలుపెట్టింది. నిషేధం వచ్చిన మూడేళ్ళకు సంచి ఉద్యమం అవసరమైనదంటే మనకు తెలిసేది ఒకటే: చేతిలోనిది తీసివేస్తే చాలదు, దాని బదులు ఏదో ఒకటి పెట్టవలెను.

మహారాష్ట్ర 2018 మార్చిలో తెచ్చిన నిషేధంలో పాల కవర్లకు మినహాయింపు ఇస్తూ రెండు షరతులు పెట్టింది. కవరు 50 మైక్రాన్లకు తగ్గకూడదు. ఖాళీ కవరు తిరిగి ఇస్తే కనీసం అర్ధ రూపాయి ఇచ్చే ధరను దాని మీద ముద్రించవలెను. ఆలోచన మంచిది. అయినా 2019లో కూడా ఆ ప్రభుత్వం దానిని అమలులో పెట్టడం గురించి మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఖాళీ కవరు ఎవరు తీసుకోవలెను, ఎక్కడ దాచవలెను, డబ్బు ఎవరు లెక్క చూడవలెను అన్నవి తేలనిదే ధర ముద్రించినంత మాత్రాన పని జరగదు.

ఢిల్లీలో మదర్ డెయిరీ 1974 నుంచి బూతులలో విడిపాలు అమ్ముతున్నది. వినియోగదారు గిన్నెనో క్యానునో పెట్టి పాలు పట్టుకొని పోతాడు. కవరు లేదు గనుక ఆ పాలు కవరు పాలకంటె చవుకగా ఇస్తున్నారు. పాలు చల్లగా నిలువ ఉండే యంత్రం, నమ్మకమైన కొలత, దగ్గరలో బూతు ఉన్నచోట కవరు లేకుండా కూడా పాలు అమ్మవచ్చునని దీనివలన ఋజువైనది.

మన తిరుమల కొండమీద ప్లాస్టిక్కు నీళ్ళ సీసాలు ఆపి, గాజు సీసాలు, మంచినీటి కుళాయిలు పెట్టారు. దేశం నలుమూలల నుంచి యాత్రికులు వచ్చే చోటనే వీలయినప్పుడు, ముఖాలు తెలిసిన మన ఊళ్ళో మొదలుపెట్టడం అసాధ్యం కాదు.

మూడు వరుసలు

"ప్లాస్టిక్కు మానుదాం" అన్న ఒక్క వాక్యం తీర్మానం వలన ప్రయోజనం లేదు. సంఘానికి వచ్చే, సంఘం నుంచి పోయే ప్రతి వస్తువును మూడు వరుసలలో ఏదో ఒక దానిలో పెట్టవలెను.

మొదటి వరుస: నేడే మానగలిగినవి. సమావేశాలలో, బిల్లు చెల్లింపు రోజున ఇచ్చే కప్పులు, ప్లేట్లు, చిన్న నీళ్ళ సీసాలు. సంఘం అలంకరణకు కట్టే ప్లాస్టిక్కు జెండాలు, థర్మోకోల్ అక్షరాలు. వీటిలో కప్పులు, ప్లేట్లు, జెండాలు, థర్మోకోల్ చట్టరీత్యా కూడా నిషిద్ధమే. వీటికి బదులు స్టీలు గ్లాసు, మోదుగ విస్తరి, అడ్డాకు విస్తరి, అరటి ఆకు, కాగితపు తోరణం మన ఊళ్ళలో దొరికేవే. విస్తరాకు వాడిన తరువాత పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది. అయితే లోపల ప్లాస్టిక్కు పొర అంటించిన విస్తళ్ళు బజారులో ఉన్నవి. చూసి కొనవలెను.

రెండవ వరుస: ఆపలేము గాని తిరిగి రాబట్టగలిగినవి. పాలు, పెరుగు, మజ్జిగ కవర్లు; ఖనిజ లవణ మిశ్రమం సంచులు; ఖాళీ దాణా బస్తాలు. కవరు కత్తిరించేటప్పుడు మూల ముక్క ఊడిపోకుండా సగం వరకే కోయవలెను. ఊడిన చిన్న ముక్క ఎవరి చేతికీ తిరిగి దొరకదు. కవరును కడిగి ఆరబెట్టి ఒకచోట ఉంచవలెను. దాణా బస్తా విప్పినప్పుడు మూతి కుట్టిన దారాన్ని కొట్టంలో పారవేయరాదు. పోగులు లేచిన పాత బస్తాను పశువు ముందర పరచరాదు.

మూడవ వరుస: మానకూడనివి, జాగ్రత్తగా పారవేయవలసినవి. కృత్రిమ గర్భధారణకు వాడే తొడుగులు, చేతి గ్లోవ్సు, పశువుల ఇంజెక్షను సిరంజిలు. ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు రోగం పాకకుండా ఉండేందుకే వీటిని ఒక్కసారి వాడి తీసివేస్తారు. పొదుపు పేరుతో వీటిని మళ్ళీ వాడరాదు. వీటిని మూత గల డబ్బాలో వేసి, పశువైద్యశాలకు అప్పగించే ఏర్పాటు చేసుకొనవలెను. కొట్టం వెనుక పారవేయడం ఎంతమాత్రం కూడదు.

ఏ వరుసలోని ప్లాస్టిక్కునూ తగులబెట్టరాదు. ఆ పొగ విషపూరితమైనది. బహిరంగంగా కాల్చడాన్ని నిబంధనలు కూడా ఒప్పుకోవు. అట్లాగే మట్టిలో కలిసిపోతుందని పేరుపెట్టి అమ్మే సంచులు కొన్ని వస్తున్నవి. వాటికి ప్రభుత్వ ధ్రువీకరణ గుర్తు ఉన్నదో లేదో చూడవలెను. ఉన్నా సరే, అవి పశువు మేత కావు.

కొంచెం లెక్క

ఖర్చు ఎక్కువవుతుందని పాలకవర్గాలు వెనుకాడుతున్నవి. దీనికి తేలికైన లెక్క ఉన్నది. ఒక స్టీలు గ్లాసు ధరను ఒక కాగితపు కప్పు ధరతో భాగించండి. ఉదాహరణకు గ్లాసు 40 రూపాయలు, కప్పు ఒక రూపాయి అనుకుంటే, నలభై సార్లు వాడేసరికి గ్లాసు ఖర్చు తీరిపోతుంది. నెలకు రెండు బిల్లు రోజులు, ఒక సమావేశం చొప్పున ఏడాదికి 36 సార్లు అవుతుంది. అంటే పద్నాలుగవ నెలలో గ్లాసు వెల వచ్చేస్తుంది. ఆ పైన మిగులే. ఇందులోనే తోమినవారి కూలిని కూడా కలుపుకొని చూడవలెను. మీ ఊరి ధరలతో ఈ లెక్కను సమావేశంలోనే బల్ల మీద వేసి చూపండి. పెళ్ళిళ్ళకు, ఇతర శుభకార్యాలకు సంఘం గ్లాసులు, పళ్ళాలు అద్దెకు ఇస్తే ఇంకా త్వరగా తీరుతుంది.

పాల కవరుకు ఇంకొక లెక్క. అర లీటరు ఖాళీ కవరు బరువు సుమారు రెండున్నర గ్రాములు. అంటే నాలుగు వందల కవర్లు ఒక కిలో. వంద ఇళ్ళలో ఇంటికి రోజుకు ఒక్క కవరు చొప్పున దాచినా నాలుగు రోజులకు కిలో, నెలకు ఏడున్నర కిలోలు పోగవుతుంది. కొనేవాడు రెండు మూడు కవర్ల కోసం గుమ్మం ఎక్కడు. ఏడున్నర కిలోలు ఒకచోట ఉంటే వస్తాడు. ఒక్కొక్కరివల్ల కాని పని కలిస్తే అవుతుందన్న సహకార సూత్రం పాలకు ఎట్లాగో, ఖాళీ కవరుకు కూడా అట్లాగే.

తీర్మానం చేసే పద్ధతి

అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరులో ఆమోదించిన ఏడు సూత్రాలలో అయిదవది సభ్యుల విద్య, ఏడవది సమాజం పట్ల శ్రద్ధ. మొదటిది నెరవేరకుండా రెండవది నెరవేరదు. అధ్యక్షులు ముందుగా వ్రాసుకొని వచ్చి చదివి, చప్పట్లు కొట్టించి ముగించే తీర్మానం వారం రోజులు కూడా నిలవదు. స్త్రీ సభ్యులు, ఒకటి రెండు పశువులు గల చిన్న సభ్యులు, ఊళ్ళోని టీ దుకాణదారులు తమ ఇబ్బంది చెప్పిన తరువాతనే వ్రాయవలెను. ఒప్పుకోనివారి అభిప్రాయాన్ని కూడా మినిట్సులో చేర్చవలెను. మొదటి ఏడాది జరిమానాలు పెట్టకుండా ఉండడం మంచిదని మా సలహా.

మాదిరి తీర్మానం: "మన సంఘ సమావేశాలలోను, బిల్లు చెల్లింపు దినములందును, పాల కేంద్ర ఆవరణలోను ఒక్కసారి వాడి పారవేసే కప్పులు, ప్లేట్లు, నీళ్ళ సీసాలు వాడరాదనియు, ఇందుకు గాను.... స్టీలు గ్లాసులు కొనుటకును, వాటిని శుభ్రపరచువారికి రోజుకు .... రూపాయలు చెల్లించుటకును, సభ్యుల ఇండ్ల నుండి కడిగిన ఖాళీ కవర్లను ప్రతి.... వారము పాల కేంద్రమునందు తీసుకొని, అమ్మగా వచ్చిన సొమ్మును ప్రత్యేక పద్దున జమ కట్టుటకును. ఈ పనిని చూచుటకు ఇద్దరు స్త్రీ సభ్యులు సహా అయిదుగురితో ఉపసంఘమును నియమించుటకును. మూడు నెలల తరువాత సమీక్షించుటకును తీర్మానించనైనది."

దీని నకలు ఒకటి గ్రామ పంచాయతీకి పంపి, చెత్తను వేరుచేసే షెడ్డులో మన కవర్లకు చోటు అడగవచ్చును. ఇంకొకటి డెయిరీకి పంపి, ఖాళీ కవర్లను తీసుకొనడానికి వారి పూచీ ప్రకారం ఏమి ఏర్పాటు చేస్తారని వ్రాతపూర్వకంగా అడగవలెను. పాలు పోసేవారే ఈ ప్రశ్న వేస్తే జవాబు చెప్పక తప్పదు.

ఇవన్నీ జరగడానికి నెలలు పట్టినా ఒక పని మాత్రం ఈ రాత్రి నుంచే ప్రతి ఇంటా మొదలుపెట్టవచ్చును. మిగిలిన అన్నం, తొక్కలు కవరులో వేసి ముడివేయవద్దు. కుడితి తొట్టిలోనో, పెంటకుప్పలోనో విడిగా వేయండి.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో గత నెలలో ఎన్ని కప్పులు, ప్లేట్లు, నీళ్ళ సీసాలు కొన్నాము? వోచర్లు చూసి చెప్పండి.

2. మన ఊళ్ళో పశువులు ఏ ఏ చోట్ల చెత్తలో మేస్తున్నవి? ఆ చెత్త ఎవరి ఇళ్ళది?

3. గత రెండేళ్ళలో మేత మానివేసి, ఉబ్బి చనిపోయిన పశువులు ఎన్ని? వాటి కడుపు కోసి చూసినవారు ఉంటే ఏమి కనబడినది?

4. గ్లాసులు ఎవరు తోమవలెను? ఉచితంగానా, కూలికా? స్త్రీ సభ్యులు ముందు మాట్లాడవలెను.

5. ఖాళీ పాల కవర్లను మన ఊరినుంచి కొనేవారు ఎవరు? కిలోకు ఎంత ఇస్తారు?

6. మన టీ దుకాణదారులకు ఏ సహాయం చేస్తే వారు కప్పులు మానగలరు?

7. పైన చెప్పిన మూడు వరుసలలో చేరని ప్లాస్టిక్కు వస్తువు మన సంఘంలో ఇంకేదైనా ఉన్నదా? ఉంటే దానిని ఏ వరుసలో పెడతారు? ఎందుకు?